ముప్పై ఒక్క ఇళ్ళ పటం

వంకాయలు తొలిచి బియ్యం కూరుతుంటే మా ఆయన హాజిమ్ వంటింట్లోకొచ్చి ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"మా అమ్మ పేరు ఊరందరి నోళ్ళలో పెట్టావా? పోర్ట్ సయీద్‌లో ఏ మగాడైనా తల్లి పేరు బయట చెప్పుకుంటాడా?"

బడిలో నా క్లాసు కోసం నేను చేసింది చరిత్ర పాఠం. పంతొమ్మిదివందల యాభై ఆరులో మా ఊరి మీద బాంబులు పడిన యుద్ధం గురించి పుస్తకంలో రెండు పేజీలుంటే పిల్లలు బల్లల మీద నిద్రపోయేవారు. అందుకే మా పేట పాత పటాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తెర మీద ఏ ఇంటిని తాకినా తలుపు తెరుచుకుని, బాంబుల మధ్య ఏం వండిందో, ఎవరిని దాచిందో ఆ ఇంటి ముసలావిడ గొంతు చెబుతుంది. కింద ఆమె పేరు. పిల్లలే నానమ్మల మాటలు రికార్డు చేసి తెచ్చారు. అంట్లకీ ఇస్త్రీకీ మధ్య నాకు ఏడు నెలలు పట్టింది. "బొమ్మలాట" అని వెక్కిరించిన అత్తగారే చివరికి గంటసేపు మాట్లాడి, సిగ్గుపడుతూ "నా పేరు బదరియా" అంది. పదిహేడేళ్ళలో ఆ పేరు ఆవిడ నోట వినడం అదే మొదలు.

"క్లాసులో నన్ను 'ఒరే బదరియా' అంటున్నారమ్మా," అని నా కొడుకు జియాద్ ఏడ్చాడు.

ప్రిన్సిపాల్ ఫక్రీ గారు నెమ్మదిగానే చెప్పారు. "పాఠం బంగారం మేడమ్. పేర్లు తీసేసి ఫలానావాడి తల్లి అని పెట్టండి. తండ్రులు గేటు దగ్గర గొడవ చేస్తున్నారు. ఎల్లుండి ఇన్‌స్పెక్టర్ వస్తున్నారు. లేదంటే పాఠమే వద్దు."

"వాళ్ళ పేర్లు వాళ్ళే చెప్పారు సార్."

"ఆడవాళ్ళు, వాళ్ళకేం తెలుసు!"

పాఠం పోతే ఆ గొంతులూ పోతాయి. ముప్పై ఒక్క పేర్లు చెరిపాను, గొంతుల్లోంచి కూడా కోసేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అత్తగారు తన ఇంటిని తాకి విని, "నా పేరేదే?" అంది.

"నీ పరువు కోసమేనమ్మా," అన్నాడు హాజిమ్.

అన్నిటికన్నా కింద ఒక పేరు మిగిలింది, తయారుచేసినవారు నగ్లా అబ్దల్ హమీద్ అని. దాన్నీ చెరిపి 'జియాద్ తల్లి' అని రాశాను.

ఇన్‌స్పెక్టర్ 'తయారుచేసినవారు జియాద్ తల్లి' అని పైకి చదివి చప్పట్లు కొట్టాడు. అందులో తప్పేమిటో ఎవరికీ కనిపించలేదు.