చెన్నయ్య చీల్చిన పలక

నేను ఒక రాతి పలకను. వంటింటి గోడకు వేలాడుతున్నాను. నా ఎదురుగా కోటేశ్వరి చేటలో బియ్యం చెరుగుతోంది. పీట మీద కూర్చున్న ఆమె భర్త వెలుగొండయ్య ఆ చేతులనే చూస్తూ, ఆమె ఏం చేస్తోందో ఇంగ్లీషులో చెబుతున్నాడు. "షి ఈజ్ క్లీనింగ్ రైస్. షి ఈజ్ త్రోయింగ్ స్టోన్." ఆమె ఏరి పారేసిన రాయి వచ్చి నాకు తగిలింది. నేనూ రాయినే కదా, నొప్పేమీ లేదు.

మార్కాపురం దగ్గర గనిలో పుట్టాను. నన్ను ఉలితో పొరగా చీల్చినవాడు వెలుగొండయ్య తమ్ముడు చెన్నయ్య. రాతిని వేలితో తట్టి, చెవి ఆనించి వినేవాడు. పగులు లేని పొర దొరికితే ఈల వేసేవాడు. నాకూ వేశాడు. అమ్మకం కట్టలో కలపకుండా, నాకు చెక్క చట్రం బిగించి ఇంటికి తెచ్చాడు. కోటేశ్వరి ఊళ్లో చిన్న బళ్లో ఒకటో తరగతికి చెబుతుంది. "వదినా, ఇది బడిపిల్లలకి కాదు, నీకే," అన్నాడు.

పోయిన ఏడు గని గోడ విరిగిపడింది. అన్నదమ్ములిద్దరూ లోపలున్నారు. ఒక్కడే బయటికొచ్చాడు. ఆ రోజు గురించి వెలుగొండయ్య నోరు విప్పలేదు. గని మూతపడింది.

ఒంగోలు వైపు ఒక గ్రానైటు యార్డులో సూపర్‌వైజరు పని ఉందని తెలిసింది. రాళ్లు కొనడానికి విదేశాల వాళ్లొస్తారట, ఇంగ్లీషు రావాలట. ఆ పని దొరక్కపోతే అతను ఇంకో గనిలోకి దిగాల్సిందే. కోటేశ్వరి భయమంతా అదే. అందుకే పొద్దున్నే పని చేసుకుంటూ పాఠం మొదలుపెట్టింది. తను చేస్తుంటుంది, అతను చూసి చెప్పాలి.

కళ్లెదుట జరుగుతున్నదాన్ని చెప్పడం అతనికి తొందరగానే పట్టుబడింది. పట్టుబడి, మరీ ఎక్కువైంది. మనం 'తెలుస్తోంది', 'నచ్చుతోంది' అంటాం కదా, ఆ ఊపులోనే 'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ లైకింగ్' అనేవాడు. ఆమె తప్పు పట్టేది కాదు. సరైన మాట తనే ఇంకోసారి అనేది, అంతే. వినగా వినగా సర్దుకుంటుందని పసిపిల్లల దగ్గర చూసింది. ఒకసారి అతను 'ఐ యామ్ లవింగ్ యువర్ పులుసు' అన్నప్పుడు మాత్రం, అది అలాగే ఉండనిమ్మని నవ్వింది.

జరిగిపోయినవి చెప్పడం దగ్గర చిక్కొచ్చింది. ఆమె గరిటె జారవిడిచి 'ఫెల్' అంది. టెంకాయ కొట్టి 'బ్రోక్' అంది. అవి వెంటనే అంటుకున్నాయి. చిటికెలో అయిపోయే పనుల మాటలు ముందొస్తాయి, ఏళ్ల తరబడి సాగిన వాటి మాటలు వెనకాల నింపాదిగా వస్తాయి. పిల్లలకీ అంతేనని ఆమె ఓపిక పట్టింది. 'లివ్డ్', 'వర్క్‌డ్' అని నా మీద రోజూ రాసేది. తుడిచేస్తే పోతుందనే మనుషులు నా మీద రాస్తారు. పోకూడదని రాసింది ఈమె ఒక్కతే.

ఇవాళ పదింటికి ఇంటర్వ్యూ. ఇస్త్రీ చొక్కా కొక్కానికి ఉంది. కోటేశ్వరి చేట పక్కన పెట్టింది.

"పాత పని గురించి తప్పకుండా అడుగుతారయ్యా. బాగా తెలిసిన మనిషి గురించి చెప్తే మాటలు అయ్యే వస్తాయి. చెన్నయ్య గురించి చెప్పు. ఎట్టా పనిచేసేవాడు, ఎట్టా ఈల వేసేవాడు..."

ఏడాదిగా ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ అనలేదు.

అతను అలవాటుగా ఆమె చేతుల వైపు చూశాడు. అవి ఒళ్లో ఊరికే ఉన్నాయి.

"మై బ్రదర్..." అని ఆగాడు. "రాక్ బ్రోక్. హీ ఫెల్."

'బ్రోక్', 'ఫెల్', రెంటిలోనూ తప్పేమీ లేదు. వాటికి తడుముకోనూ లేదు. ఆ తర్వాత ఈల గురించి చెప్పబోయి, 'హీ' దగ్గరే ఆగిపోయాడు.

"ఇరవైనాలుగేళ్లు బతికాడు మే, వాడు," అన్నాడు చివరికి. "నా నోటికి ఇయ్యే రెండు ముక్కలు వచ్చినయ్యి."

కోటేశ్వరి లేవబోయింది, ఇంకేదైనా చెబుదువులే అంది. అతను వినలేదు. నా దగ్గరికొచ్చి, వేలితో తట్టి, చెవి ఆనించాడు. నాలో పగులేమీ లేదు. చీల్చినవాడి చెయ్యి అంత మంచిది. మోగాను. అంతకన్నా నాకేం చేతనవును?

అతను చెప్పులు వేసుకున్నాడు. ఆమె వైపు చూడకుండా గడప దాటి వెళ్లిపోయాడు. ఇంటర్వ్యూ చొక్కా కొక్కానికే ఉంది.