విరుగుడు మట్టి

పోతురాజు డ్రమ్ములో పైనీళ్లు మాత్రమే ముంచుతున్నాడు. నిన్న కాలువ నుంచి తెచ్చి పోసిన ఎర్రనీళ్లు రాత్రంతా తేరి, మట్టంతా అడుగుకు చేరింది. చెంబు అడుగున తగలకుండా, పాల మీద మీగడ తీసినంత ఒద్దికగా ముంచి, వీపుకు తగిలించుకునే ట్యాంకులో పోస్తున్నాడు. గడ్డి మందుకు కలక నీళ్లు పనికిరావు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకసారి తెలియక కాలువ నీళ్లు అలాగే కలిపి కొట్టాడు. గట్టు మీది గడ్డి మాడకపోగా మరింత ఏపుగా లేచి అతన్ని వెక్కిరించింది. నీళ్లలోని మట్టే మందును చంపేసిందని మందుల కొట్టాయన చెప్పాడు.

ఆ మాట అతని బుర్రలో మేకులా దిగిపోయింది. నీళ్లలో ఉన్న పిసరంత మట్టికే మందు చస్తే, దివిసీమ నల్లరేగడి ముందు అదెంత? అప్పటినుంచి అతని వైద్యమంతా మట్టితోనే. పని అయ్యాక చేల మధ్య బోదె కాలువలోంచి బురద తీసి మోచేతుల దాకా రుద్దుకుని, కడుక్కుని, అన్నం కలుపుకునేవాడు. భార్య సుబ్బులమ్మ సబ్బు అందిస్తే నవ్వేవాడు.

"సబ్బుకి మురికి పోద్దే. మందు ఇరగాలంటే మట్టే కావాల."

ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నాట్లకు ముందు పూర్ణచంద్రరావు గారి గట్లన్నీ శుభ్రం చేయాలి. ఈ రోజుతో పని తెమలకపోతే రేపటినుంచి డ్రోను పెట్టిస్తానని ఆయన మెత్తగానే చెప్పారు. ఊళ్లో సగం పొలాల మీద ఇప్పటికే ఆ ఈగ తిరుగుతోంది. దానికి వీపు నొప్పి లేదు, ఆకలి లేదు. ఈ గట్లు కూడా చేజారితే పోతురాజును పిలిచేవాళ్లు లేరు. అందుకే ట్యాంకు మూత దగ్గర రబ్బరు వాషరు అరిగి మందు కారుతుందని తెలిసినా, గుడ్డపేలిక చుట్టి భుజానికెత్తుకున్నాడు.

పొద్దెక్కేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చెమటే అనుకున్నాడు. పట్టీ ఒరుసుకుని తోలు లేచిన చోట భగ్గుమన్నాక గాని అసలు సంగతి తెలియలేదు. ట్యాంకు దించి, చొక్కా విప్పి, చెయ్యి అందక, చివరికి బోదెలో దున్నపోతులా వెల్లకిలా పడుకున్నాడు. చల్లగా, హాయిగా ఉంది. మంట తగ్గింది. లేచి ఆ బురద మీదే చొక్కా తొడుక్కున్నాడు.

స్కూటీ మీద పోతున్న అపర్ణ చూసి ఆగింది. ఊరికి వ్యవసాయ సహాయకురాలు, వరసకు కూతురు.

"బాబాయ్, ఏంటా అవతారం?"

"ట్యాంకు కారిందమ్మా. మట్టి పట్టించా, ఇరిగిపోద్ది."

ఆమె మొహం పాలిపోయింది. "మట్టి మందును విరవదు బాబాయ్. పట్టుకుంటుందంతే."

"మంచిదేగా! దొంగని పట్టుకున్నాక ఇంకేం చేసుద్ది?"

"ఇంట్లోకి దూరిన దొంగని వాకిట్లో పోలీసు ఎలా పట్టుకుంటాడు? పుండులోంచి నీ ఒంట్లోకి పోయింది. అదంతా కడిగేసి బండెక్కు, ఆసుపత్రికి పోదాం."

పోతురాజు మిగిలిన గట్టు వైపు చూశాడు. భయం వేయకపోలేదు. కానీ గట్టు దాటి రాగలిగేంత భయం కాదు.

"ఈ గట్టు అయిపోనీ అమ్మా. సాయంత్రం నేనే వస్తా."

ఆమె బతిమాలింది, తిట్టింది, చివరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను ట్యాంకు ఎత్తుకున్నాడు.

గట్టు పూర్తయింది. ఇంటికొచ్చి స్నానం చేయలేదు. మట్టి ఇంకాసేపు ఉంటే మంచిదనుకుని, చొక్కా విప్పి వసారా గోడకు చేరగిలబడ్డాడు. రెండు ముద్దలు తిని కంచం నెట్టేశాడు.

"ఏంటే, ఇంత కారం పోశావ్?"

సుబ్బులమ్మ ఆ రోజు కారం వేయని చప్పటి చారు తప్ప ఏమీ వండలేదు.

తెల్లారి అపర్ణే కారు మాట్లాడి ఇద్దరినీ బందరు తీసుకెళ్లింది. ఆసుపత్రిలో వీపు కడిగారు. లోపలికి పోయినదానికి విరుగుడు లేదని డాక్టరు సుబ్బులమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. పోతురాజు మాత్రం నర్సులతో సరసాలాడుతూనే ఉన్నాడు. పోను పోను మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది. ఒక ఉదయం, "గాలాడట్లేదే, కిటికీ తియ్యి," అన్నాడు. తెరిచే ఉన్న కిటికీని సుబ్బులమ్మ మరికాస్త వెనక్కి నెట్టింది. తిరిగి చూసేసరికి అతను లేడు.

కర్మకు ముందు ఇంటికి సున్నం వేయాలన్నారు. సుబ్బులమ్మ కుంచె పట్టుకుని వసారాలో నిలబడిపోయింది. అతను చేరగిలబడిన చోట గోడకు వీపు అచ్చు పడి ఉంది. వెన్నుపూస గీత కూడా తెలుస్తోంది. చెంప ఆనించబోయి, ఆగి, వాకిట్లో ఉన్న అపర్ణను అడిగింది.

"ఇది ముట్టుకోవచ్చా అమ్మాయ్?"

అపర్ణ వచ్చి ఆమె భుజం పట్టి వెనక్కి జరిపింది. "వద్దు పిన్నీ," అంది.

సుబ్బులమ్మ చుట్టూ సున్నం వేసింది. మధ్యలో, మనిషి వీపంత నల్లమట్టి, ఎండి నెర్రెలిచ్చి, గోడను పట్టుకునే ఉంది.