నాన్న వేసిన తెలుపు

ప్రదర్శనకు ఎంపికైన మా ఆరుగురు చిత్రకారులకు తలో గోడ ఇచ్చారు. విషయం, ఇల్లూవాకిలీ పోగొట్టుకోవడం. నిర్వాహకురాలు నా దగ్గర ముఖాలు ఆశించింది. కాస్త కన్నీళ్లు, చంకలో బిడ్డ, నెత్తిన మూట. వేయడం చేతకాక కాదు. కానీ రైలు పట్టాల విస్తరణ కోసం మా వీధి వీధంతా ఖాళీ చేయించిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అమ్మ గిన్నెలు సర్దుకుంది, నాన్న లారీవాడితో గొడవపడ్డాడు. అందుకని గోడ మీద గోడే వేస్తానని భీష్మించుకు కూర్చున్నాను. మా ముందుగది గోడ.

నాన్న ఇళ్లకు రంగులేసే మేస్త్రి. సొంత ఇంటికి మాత్రం డబ్బా కొన్న పాపాన పోలేదు. ఊళ్లోవాళ్లు మిగిలింది పట్టుకుపొమ్మంటే తెచ్చి మా గోడలకు వేసేవాడు. బ్యాంకు నీలం, బడి పసుపు, ఆసుపత్రి ఆకుపచ్చ, ఎవరో కొత్తజంట పడగ్గదికి వేయించుకుని మర్నాడే వద్దన్న గులాబి. బ్యాంకు నీలంలో పడుకుంటే కలలో కూడా క్యూలో నిలబడుతున్నానని అమ్మ దెప్పేది.

అదే వరుసలో ఒకదాని మీద ఒకటి పూతలు వేశాను. ఆరాక రేకుతో అక్కడక్కడా గీకి, పెచ్చులు లేపి, లోపలి రంగులు బయటికి తెచ్చాను. వరుస చెప్పింది అమ్మే. గోడ సంగతి చెప్పకుండా నాన్నను అడిగితే పోయినదాని గురించి ఇప్పుడెందుకని లేచి వెళ్లిపోయాడు. అద్దె వాటాలోకి మారాక ఆ ఇంటి ఊసు ఆయన నోట రాలేదు. ఈ గోడ చూసైనా నోరు విప్పుతాడని నా ఆశ. నిజం చెప్పాలంటే, వచ్చి చూసే జనం కన్నా నాకు అదే ముఖ్యం.

ప్రారంభం సాయంత్రం. పొద్దున్నే నాన్నను తీసుకొచ్చి, కిటికీ పక్కనున్నది నాకిచ్చిన గోడ అని చూపించి, లైట్లు సరిచేసే ఎలక్ట్రీషియన్ కోసం వెళ్లాను. తిరిగొచ్చేసరికి నాన్న చొక్కా విప్పి నిచ్చెన ఎక్కి ఉన్నాడు. కింద మూలన చాపంత జాగా తప్ప గోడంతా తెల్లగా మెరిసిపోతోంది. హాలుకు వేయగా మిగిలిన డబ్బా ఎక్కడ దొరికిందో, ఒక్క చార కూడా లేకుండా లాగించేశాడు.

దిగమని కేకేశాను. ఆయన మాత్రం నిచ్చెన మీంచే సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అందరికీ మంచి గోడలిచ్చి కూతురికి పెచ్చులూడినది అంటగట్టారట. చూసి కడుపు తరుక్కుపోయిందట. అది ఆరితే నేను హాయిగా బొమ్మ వేసుకోవచ్చట.

"అదే నాన్నా నా బొమ్మ," అన్నాను. "అది మన ముందుగది."

ఆయన దిగాడు. మిగిలిన మూల దగ్గర గొంతుక్కూర్చుని నీలం మీద వేలు పెట్టాడు, తర్వాత పసుపు మీద.

ఈలోగా నిర్వాహకురాలు వచ్చి తల పట్టుకుంది. నా పాత బొమ్మ ఏదైనా తెచ్చి తగిలిద్దామంది. ఇక్కడ ఈ గోడే ఉంటుంది, ఇంకేదీ తగిలించేది లేదని తెగేసి చెప్పాను. తడిగా ఉండగానే తుడిచేద్దామని గుడ్డ ముంచి తెచ్చాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది కూడా వేశాను తల్లీ, ఆ గోడకి."

మమ్మల్ని పిన్ని వాళ్లింటికి పంపేసి, మిగిలిన సామాను చూస్తానని ఆయన ఒక్కడే ఆగిన రోజది. మర్నాడు యంత్రాలు వస్తాయని తెలిసీ, దుకాణానికి వెళ్లి కొత్త డబ్బా తెచ్చి ముందుగదంతా తెల్లగా వేశాడట. అమ్మకు కూడా చెప్పలేదట. ఎందుకని అడిగాను.

"పడగొట్టేవాళ్లు చూసి, పాత కొంపేలే, పోతే పోయిందనుకుంటారేమోనని. మంచి ఇల్లు పడగొడుతున్నామని వాళ్లకి తెలియాలిగా."

ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆ తర్వాత గుడ్డ పక్కన పడేసి, మిగిలిన మూల కూడా తెల్లగా వేసేయమన్నాను. ఒక పూత తక్కువైన గోడను ఇన్నాళ్లూ పూర్తయిందనుకున్నాను.

మధ్యాహ్నానికి ఆరింది. రేకు తీసి నాన్న చేతికిచ్చాను. గోడ నునుపు చేయడమే తప్ప చెడగొట్టడం తన వల్ల కాదని మొండికేశాడు. ఆయన కూతుర్నే కదా, నేనూ తగ్గలేదు. చివరికి కిటికీ అంచు దగ్గర భయంభయంగా ఓ గీత గీశాడు. లోపల గులాబి కనబడగానే ఆ కొత్తజంట కథ అందుకున్నాడు, నవ్వుతూ. ఇక ఆపితే ఒట్టు.

తలుపులు తెరిచేసరికి ఇంకా గీకుతూనే ఉన్నాడు. నాన్నను చేతులు కడుక్కుని పక్కకు రమ్మనమని నిర్వాహకురాలు నాతో గుసగుసగా అంది. రాడని చెప్పాను. జనం చుట్టూ మూగారు. ఏ రంగు ఎవరిదో, ఆ ఇంట్లో ఏం జరిగిందో నాన్న చెప్తూనే ఉన్నాడు. మా వీధి పేరు ఆయన నోట ఎన్నాళ్లకు విన్నానో.

వెనక నిలబడ్డ ఒకావిడ ముందుకొచ్చి, అన్నిటికన్నా పైనున్న ఆ తెలుపు ఎవరింట్లో మిగిలిందని అడిగింది.

నాన్న రేకు దించి నడుం నిటారు చేశాడు.

"అది మిగిలింది కాదమ్మా. మా ఇంటికని కొన్నాను."