ఆఫీసమ్మ వంచిన అంచు

సువిమోన్ దాగలి కొమ్ముకు భిక్షాపాత్రను తగిలించి, కొద్దికొద్దిగా తిప్పుతూ సుత్తితో కొడుతోంది. పొద్దున ఏడు కాకముందే వీపంతా తడిసిపోయింది. అరచేతుల్లో కాయలు కాచి నల్లబడ్డాయి. ఎడమచెవి సగమే పనిచేస్తుంది. ఈ పనిలోకి వచ్చాక ఆమెకు ముట్టిన ఆస్తి ఇదే.

ఎనిమిదేళ్ల కిందట ఆమె ఈ బ్యాంకాక్‌లోనే ఒక బీమా కంపెనీలో అధికారి. ఇరవై రెండేళ్లు కంప్యూటరు తెర చూసి విసిగి, చేత్తో ఒక వస్తువైనా చేయాలని రాజీనామా ఇచ్చేసి, భిక్షాపాత్రలు చేసే ఈ సందులోకి వచ్చింది. ప్రశాంతత దొరుకుతుందనుకుంది, మోత దొరికింది. పాత్ర మొత్తం తన చేతుల్లోనే పుడుతుందని కూడా అనుకుంది. ఇక్కడ ఎనిమిది ఇనుప ముక్కల పాత్ర నాలుగైదు ఇళ్లు తిరిగితే గానీ తయారవదు. ఒకరు అంచు వంచుతారు, ఇంకొకరు ముక్కలు అతుకుతారు, కాల్చేవాళ్లు వేరు. సువిమోన్ వంతుకు వచ్చింది సొట్టలు తీయడం.

మూడో ఏట పట్టుబట్టి ఒక్కతే పాత్ర మొత్తం చేసి, సాయ్‌బువా పెద్దమ్మకు చూపించింది. సందులో అంచులన్నీ వంచేది ఆవిడే.

"బావుందే ఆఫీసమ్మా. ఇందులో నువ్వే వండుకు తిను," అంది పెద్దమ్మ.

"అదేంటి పెద్దమ్మా?"

"భిక్ష ఒక్క ఇల్లే వేస్తుందా? మరి పాత్ర ఒక్కదానివే చేస్తానంటే ఎట్లాగే?"

సందంతా పడీపడీ నవ్వింది. సువిమోన్ రెండు నెలలు ముఖం మాడ్చుకుని తిరిగింది. ఆ తర్వాత ఆ మాట నిజమేననిపించి, మళ్లీ సొట్టల ముందు కూర్చుంది. అంత పొగరు దిగమింగుకోవడం అందరివల్లా కాదు. అయినా అంచు మీద ఆశ మాత్రం చావలేదు. అంచు వంకరైతే పాత్రంతా వంకరే, అందుకే దాన్ని బయటివాళ్ల చేతికివ్వరు.

పెద్దమ్మకు మూడు రోజులుగా జ్వరం. నాలుగు రోజుల్లో ఒక టాక్సీ డ్రైవరు, పోయిన తల్లి పేర కొన్నాళ్లు బౌద్ధ సన్యాసం పుచ్చుకుంటున్నాడు. ఈరోజు అంచు పడకపోతే అతనికి పాత్ర అందదు.

"మిషను పాత్ర కొనుక్కోమని చెప్పేద్దామా?" అన్నాడు ముక్కలు అతికే తవిన్, పెద్దమ్మ వాకిట్లో నిలబడి.

"నోర్ముయ్‌రా! ఆఫీసమ్మనే వంచమను. నేను వింటా," అంది పెద్దమ్మ మంచం మీంచి.

సువిమోన్ సుత్తి అందుకుంది. పెద్దమ్మ గడపలో, కుడిచెవి మంచం వైపుకు పెట్టి కూర్చుని ఇనుప పట్టీ వంచసాగింది. ఈ మోతలో మాటలు వినపడవు. తప్పయితే వినేవాళ్లు రెండుసార్లు టకటకమని కొడతారు, బాగుంటే ఏ చప్పుడూ ఉండదు. అది ఈ సందు పద్ధతి. మొదట్లో పట్టుమని పది దెబ్బలు కొట్టకముందే లోపలినుంచి టకటక వినిపించేది. ఆమె విసుక్కోకుండా పట్టీని మళ్లీ చాపి మళ్లీ వంచింది. పోనుపోను టకటకలు తగ్గాయి. ఆఖరి పావుగంట ఒక్కటి కూడా లేదు. సువిమోన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసులో ఏ మెప్పుకూ ఆమె ఇంతగా పొంగిపోలేదు.

కొసలు అతికి, అంచు పట్టుకుని లోపలికి పరుగెత్తింది.

"పెద్దమ్మా, ఇదిగో చూడు!"

పెద్దమ్మ తల గోడవైపు వాలిపోయి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

సువిమోన్ కేకకు తవిన్ వచ్చాడు. చాలాసేపు మంచం పక్కన కూలబడి ఏడ్చాడు. తర్వాత సువిమోన్ చేతిలోంచి అంచు తీసుకుని నేలమీద దొర్లించాడు. అది తిన్నగా వెళ్లి గోడకు తగిలింది.

"సరిగ్గానే ఉందక్కా."

"ఎందాకా విందో, తవిన్?"

"ఎందాకా వింటే ఏంటక్కా? మిగతాది నువ్వే విన్నావుగా."

అతను అంచును భుజానికి తగిలించుకుని కబురు చెప్పడానికి బయటికి వెళ్లాడు. సందులో సుత్తులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మంచం కింద గంజి చెంచా పడి ఉంది, మంచం పట్టెకు కొట్టీ కొట్టీ దాని కొస వంగిపోయింది.