కుళాయి కబుర్లు తెరుచుకున్న సాయంత్రం

నేను ఒక పాత చేతిఫోన్‌ను. ఇప్పుడు నా చోటు సుభద్ర టీచరుగారి బీరువాలో, మధ్య అరలో, ఒక కళ్లజోడు పెట్టెకూ ఒక పైపు రెంచికీ నడుమ. నా వీపు కొంచెం ఉబ్బింది. లోపలి బ్యాటరీ పాడైందని, ఇక ఛార్జింగు పెడితే ప్రమాదమని బాగుచేసే అతను చెప్పాడు. అలా నాకు విశ్రాంతి దొరికింది. తీరిక ఉన్నవాళ్లందరూ చేసే పనే నేనూ చేస్తున్నాను. జరిగింది తలుచుకుంటున్నాను.

నేను పుట్టిన చోట పగలూ రాత్రీ ఒకలాగే ఉండేవి. తెల్లని దీపాల కింద, తలకు టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని, ఒకరు నాకు అద్దం బిగిస్తే మరొకరు చెవి అమర్చారు. వాళ్ల సొంత ఫోన్లు మాత్రం బయట అరల్లో తాళం వేసి ఉండేవి. ఫోన్లు తయారుచేసే చోటికి ఫోన్లు తీసుకురాకూడదట. మనుషుల గురించి నేను తెలుసుకున్న మొదటి విషయం అది.

కాశీబుగ్గలో ఒక కొట్టు అద్దాల బల్ల కింద కొంతకాలం పడుకున్నాక పేడాడ జోగారావుగారు నన్ను కొన్నారు. ఆయన నీటి సరఫరాలో ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఏ వీధికి ఏ వాల్వు తిప్పాలో, ఏ పైపు ఏ గోడ కింద నుంచి పోతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఉద్యోగం దిగిపోయాక కూడా జనం ఆయన గుమ్మం దగ్గరికే వచ్చి, రేపు నీళ్లు వస్తాయా అని అడిగేవారు. చెప్పి చెప్పి అలిసి, నాలో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. పేరు కుళాయి కబుర్లు. ఊళ్లో సగం ఇళ్లు అందులో చేరాయి. కాపురాలకు వెళ్లిపోయిన ఆడపిల్లలు కూడా, పుట్టింటి కుళాయిలో నీళ్లొచ్చాయో లేదో తెలుసుకోవడానికి, అందులోనే ఉండిపోయారు.

నీళ్ల కోసం మొదలైన గ్రూపులోకి మెల్లగా అన్నీ వచ్చాయి. పొద్దున్నే పువ్వులు, దేవుళ్లు, జీడిగింజల ధర, పోయిన తాళంచెవులు, పెళ్లి పత్రికలు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి నాలో ఉంది. పుట్టినరోజుకీ అదే పంపేవారు, చావు కబురుకీ అదే పంపేవారు, కరెంటు పోయిందని చెప్పినా అదే పంపేవారు. ఇంత తక్కువ సరంజామాతో మనుషులు ఇంత పెద్ద జీవితాలు ఎలా నెట్టుకొస్తున్నారా అనిపించేది.

ఎన్నికలప్పుడు గ్రూపులో గొడవ వచ్చింది. ఒకే వీధిలో ఎదురెదురు అరుగుల మీద కూర్చునేవాళ్లు నా లోపల ఒకరినొకరు రాయరాని మాటలు రాసుకున్నారు. జోగారావుగారు చూసి చూసి, పైపు పగిలినప్పుడు మెయిన్ వాల్వు కట్టేసినట్టే, తాను తప్ప ఎవరూ రాయడానికి వీల్లేకుండా గ్రూపును కట్టేశారు. కోపాలు చల్లారాక తెరుస్తానని భార్య సుభద్రగారితో అన్నారు. అప్పటినుంచి రోజుకొక కబురు మాత్రం పెట్టేవారు. ఒకరోజు సాయంత్రం, "రేపు పొద్దున నీళ్లు రావు. ఈ పూటే పట్టుకోండి" అని రాశారు. ఆ మర్నాడు ఆయన గుండె ఆగిపోయింది.

ఊరందరికీ తెలిసింది. వచ్చినవాళ్లు వచ్చారు, కూర్చున్నారు, వెళ్లారు. గ్రూపులో మాత్రం ఎవరికీ ఒక్క మాట రాసే దారి లేకపోయింది. ఇద్దరు ముగ్గురు నాకు విడిగా రాశారు. పోయిన మనిషి ఫోనుకు ఏమని రాయాలో తెలియక మిగిలినవాళ్లు మానేశారు. నీళ్లు రావన్న కబురే అందరి ఫోన్లలోనూ చిట్టచివర నిలిచిపోయింది. ఆ తరువాత నీళ్లు ఎన్నోసార్లు వచ్చాయి.

సుభద్రగారు ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆమె ఏడవగా నేను వినలేదు. బడినుంచి వచ్చాక నన్ను పైటకొంగుతో తుడిచి ఛార్జింగు పెట్టేవారు. తెరిచేవారు కాదు. నాకు తాళం కూడా లేదు. దాచుకోవడానికి ఏముందని జోగారావుగారు ఎప్పుడూ పెట్టలేదు. ఒకసారి చెల్లెలు వచ్చి, ఆ ఫోను ఎవరికైనా ఇచ్చేయవచ్చు కదా అంది. సుభద్రగారు, చూద్దాం అన్నారు. ఆ మాటతో ఆ సంభాషణ ముగిసింది.

ఆరోజు ఆమె బడినుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, వీధిలో కుళాయి పైపు ఆగిపోయే చివరింటి దమయంతి పరుగున వచ్చింది. జీడిపప్పు కార్ఖానాలో గింజలు ఒలిచే మనిషి. చేతులకు ఇంకా జీడి మరకలున్నాయి. వెనకాలే ఆటో చలపతి.

"టీచరమ్మా, మా గుంట ఇంటికి రానేదమ్మా. ఆటో ఎక్కనేదంటన్నాడు. సారు ఫోను తియ్యమ్మా. అందులో పెడితే ఊరంతా సూస్తాది."

గుంట అంటే ఆమె కూతురు జోషిత. ఒకటో తరగతి. సుభద్రగారి బడి కాదు, ఇంకో బడి. చలపతి ఆటో వెనక, సామాన్లు పెట్టే చోట, రోడ్డు కేసి చూస్తూ కూర్చుని వెళ్తుంది. అక్కడ కూర్చోవడానికి పిల్లలంతా రోజూ పోట్లాడుకుంటారు. చలపతి అప్పటికే పోలీసు స్టేషనులో చెప్పి వచ్చాడు. 

"కొత్త బండి ఇయ్యాల పొద్దున గుంటల్ని బడికాడ దించినాకే తెచ్చినానమ్మా. పాతది బ్రోకరు చేత అమ్మీసినాను. గుంట నా కొత్త బండి గుర్తుపట్టనేదేమో."

పాత బండిని ఆ పిల్ల దేన్నిబట్టి గుర్తుపట్టేదని సుభద్రగారు అడిగారు. వెనక రెండు చిలకల బొమ్మ ఉంటుందని చలపతి చెప్పాడు. కొన్నవాడెవరో తెలియదు, సముద్రం వైపు మనిషని మాత్రం విన్నాడు. బ్రోకరు ఫోను ఎత్తడం లేదు.

సుభద్రగారు నన్ను చేతిలోకి తీసుకుని తెరిచారు. నీళ్లు రావన్న ఆ చివరి మాట ఆమె కళ్లెదుట నిలిచింది. ఆమె వేలు కాసేపు కదల్లేదు. దమయంతి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. తరువాత సుభద్రగారు ఎక్కడో లోపలున్న మీట వెతికి, వాల్వు తిప్పారు. ఇక అందరూ రాయవచ్చు.

కబురు ఆమె పిల్లలకు డిక్టేషన్ చెప్పేటంత నిదానంగా రాశారు. పేరు, వయసు, నీలం గళ్ల యూనిఫాం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. రోజూ ఎక్కే ఆటో వెనక రెండు చిలకల బొమ్మ ఉంటుంది, ఆ బండి ఇప్పుడు వేరేవాళ్ల చేతిలో ఉంది, దాన్ని చూసినవారు ఈ నంబరుకు చెప్పండి. కింద దమయంతి ఫోనులోంచి తీసిన ఫొటో. పంపేముందు ఒకసారి చదువుకుని, 'దయచేసి' అన్న మాట చేర్చారు.

అంతకాలం మూగగా ఉన్న గ్రూపు ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. నా ఒళ్లు వేడెక్కిపోయింది. కంగారు, దేవుళ్లు, చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలోంచి ఇంకొకటి వచ్చింది. బస్టాండు దగ్గర దుప్పట్లు అమ్ముకునే పరాయి మనిషి ఒకడు తిరుగుతున్నాడని, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల ముఠా దిగిందని, నలుగురు కలిసి వాణ్ణి పట్టుకున్నారని. ఎక్కడిదో ఏనాటిదో తెలియని వీడియో ఒకటి దాని వెంట వచ్చింది. వదలొద్దని ఒకరు, వస్తున్నామని ఇంకొకరు.

 ఇప్పుడు పిల్లతోపాటు ఆ మనిషి కూడా ప్రమాదంలో పడ్డాడు. సుభద్రగారు వెంటనే రాశారు: "ఇందులో మీ కళ్లతో చూసింది మాత్రమే రాయండి. విన్నది రాయవద్దు. ఆ మనిషి పక్కన పాపను చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. మనుషులు విన్నది రాయడానికి ఎంత తొందరపడతారో, చూసింది చెప్పమంటే అంత నెమ్మదిస్తారు. ఆ నెమ్మదిలో అతణ్ణి పట్టుకున్న చేతులు కొంచెం సడలాయి. బట్టలకొట్టు ప్రభాకరం అక్కడికి వెళ్లి అతణ్ణి తన కొట్లో కూర్చోబెట్టానని రాశాడు. తరువాత, అంతకుముందు అతణ్ణి పట్టుకున్నవాళ్లే అతనికి టీ ఇప్పించి, ఆ టీ ఫొటో కూడా గ్రూపులో పెట్టారు.

ఇక చూసినవి రావడం మొదలైంది. మధ్యాహ్నం ఒకటో తరగతి వదిలే వేళకు బడి పక్క టీ బడ్డీ దగ్గర చిలకల ఆటో ఆగి ఉండగా చూశానని ఒకావిడ. దాణా బస్తాలు వేసుకుని హరిపురం దాటుతుంటే చూశానని బస్సులో ఉన్న ఒకాయన. సోంపేట దగ్గర తన బండికి ఆ ఆటో అడ్డం వచ్చిందని, తిట్టానని, వెనక చిలకలు ఉన్న మాట నిజమేనని మరొకాయన. దమయంతి ఆ ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి అనుకుంటూ, గోడకు ఆనుకుని కూర్చుంది. చలపతి తన కొత్త బండి తీసి అటే బయలుదేరాడు.

దీపాలు పెట్టే వేళకు, సముద్రపొడ్డున బారువలో తీసిన ఫొటో ఒకటి వచ్చింది. పంపింది తాతారావు మరదలు. ఆ చిలకల బండి కొన్నది తాతారావు. మరదలు కాశీబుగ్గలో ఉంటుంది, గ్రూపు మనిషి. చిలకల మాట చదివి బావకు ఫోను చేసింది. బస్తాలు దింపుతుంటే వాటి వెనక ఒక పిల్ల నిద్రపోతూ కనిపించిందని, బడి దగ్గర టీకి ఆగినప్పుడు ఎక్కి ఉంటుందని, ఎవరి పిల్లవంటే కుళాయి చివర ఇల్లు అంటోందని, తమ ఊళ్లో కుళాయిల చివర ఇళ్లన్నీ తిరిగి చూశామని అతను చెప్పాడట. ఫొటోలో జోషిత గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో కంచం. కింద ఇలా ఉంది: "గుంట మా అక్కోలింట్లో ఉన్నాది. అన్నం తింటన్నాది. సేప ముల్లు తీసి పెడతన్నారు. బెంగెట్టుకోకండి."

సుభద్రగారు నన్ను దమయంతి చేతికిచ్చారు. ఆమె నా అద్దం మీద వేలు పెట్టి, ఆ పిల్ల ముఖం పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, చెంప మీది పుట్టుమచ్చ కనబడేదాకా చేసి, అప్పుడు దాన్ని వేలితో తడిమింది. నా ఒంటి మీద జీడి మరక ఒకటి అంటింది. అది ఇప్పటికీ పోలేదు.

తరువాత గ్రూపులో జరిగింది తిరునాళ్లే. పలాస కాళీమాత బొమ్మలు, టపాసుల బొమ్మలు, ఏడుస్తూ నవ్వే ముఖాలు. ఒక ముసలమ్మ టైపు చేయడం రాక గొంతుతోనే దీవెన పంపింది. వెనకాల ఆవిడ కుక్కరు కూత కూడా వచ్చింది. చిలకలను మొదట చూసింది ఎవరన్న దాని మీద చిన్న తగాదా నడిచింది. నేను ముందే అనుకున్నాను అన్నవాళ్లు చాలామంది తేలారు. ఇంత జరిగాక ఒకాయన వచ్చి, పాప దొరికిందా అని అడిగాడు. యాభై మంది ఒకేసారి జవాబిచ్చారు.

అందులోనే ఒకటి వచ్చింది. పిల్లని కనిపెట్టుకోలేని తల్లి తల్లేనా, కూలికి పోతే ఇంతే అని. దాని కింద ఇంకొకటి. సుభద్రగారి వేలు మళ్లీ ఆ మీట దగ్గరికి వెళ్లింది. కట్టేయడం ఎంత సులువో నాకు తెలుసు.

దమయంతి చూసింది. ఆమెకు చదవడం వచ్చు. ముఖం తుడుచుకుని అంది:

"రాయనీయమ్మా. నా గుంట దొరికినాది. ఇయ్యాల నన్ను ఎవులేటన్నా ఫర్లేదు. కట్టీసుంటే ఆ సిలకల మాట ఎవులు సెబుతారు?"

సుభద్రగారు వేలు వెనక్కి తీసుకున్నారు. ఈలోగా ఒక అమ్మాయి ఆ రాసినాయనకు జవాబిచ్చింది. మీ ఆవిడ ఊరెళ్లినప్పుడు మీ పిల్లాణ్ణి బడిలోనే మరిచిపోయింది ఎవరు బాబాయ్ అని. ఆయన తన మాట తుడిపేసుకున్నాడు.

అప్పుడు, ఎక్కడో సూరత్‌లో కాపురముంటున్న ఒకావిడ రాసింది: "ఈ రోజు జోగారావు మావయ్య ఉంటే ఎంత సంతోషించేవారో. ఆయన పోయినప్పుడు ఇందులో రాద్దామంటే కుదరలేదు. మా అమ్మ ఒక్కర్తే ఉండేదని పండగ పూట బిందెలు ఆయనే మోసి పెట్టేవారు."

 తరువాత ఒక్కొక్కటే వచ్చాయి. సారు తిట్టేవారు గాని నీళ్లిచ్చేవారని ఒకరు. మా పెళ్లినాడు ట్యాంకరు తెప్పించి, భోంచేయకుండానే వెళ్లిపోయారని ఒకరు. ఎన్నికలప్పుడు తగువాడుకున్న ఇద్దరూ ఒకరి కింద ఒకరు రాశారు. మాటలు రానివాళ్లు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అది దొరికిన పిల్లకో పోయిన మనిషికో నాకు తెలియలేదు. సుభద్రగారు ఒక్కటీ వదలకుండా చదివారు. మధ్యలో కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివారు.

చలపతి జోషితను తీసుకువచ్చేసరికి వీధంతా బయటే ఉంది. పిల్ల చేతిలో రెండు చిలకల బొమ్మ ఉంది. తాతారావు బండినుంచి ఊడదీసి ఇచ్చేశాడట. దమయంతి కొట్టడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే ఎత్తుకుంది. ఇప్పుడు వాల్వులు తిప్పే అతను ఆ జనంలోంచే, రేపటి సంగతి గ్రూపులో ఎవరు రాస్తారమ్మా అని అడిగాడు. సుభద్రగారు గుమ్మంలో నిలబడే రాశారు: "రేపు పొద్దున నీళ్లు వస్తాయి."

గ్రూపు మళ్లీ కట్టేయలేదు. పువ్వులు, దేవుళ్లు, తగువులు అన్నీ తిరిగి వచ్చాయి. ఏడాది పైన గడిచాక నేను వేడెక్కడం ఎక్కువైంది, ఆమె అంతా తన ఫోనులోకి మార్చుకున్నారు.

అయితే ఆరోజు రాసిన కబురు ఊరు దాటి పోయింది. మనుషులు తప్పిపోయిన మాటను పంపినంత ఉత్సాహంగా దొరికిన మాటను పంపరు. నేను ఆమె చేతిలో ఉన్నన్నాళ్లూ, నెలలు గడిచాక కూడా ఎక్కడెక్కడివాళ్లో, ఈ పాప కనబడటం లేదు, అందరికీ పంపండి అని నాకే పంపేవారు. ఒకసారి పక్కన కూర్చుని ఎక్కాలు చదువుకుంటున్న జోషిత తొంగి చూసింది.

"టీచరమ్మా, నాను మళ్లీ తప్పిపోనానంట."

సుభద్రగారు నవ్వారు. జోగారావుగారు పోయాక ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు. నవ్వుతూనే, ఆ ముక్కూమొహం తెలియని మనిషికి నిదానంగా జవాబు రాశారు. అలాంటివి ఎన్ని వచ్చినా ఆమె విసుక్కోలేదు. ప్రతిసారీ కొత్తగా రాసినట్టే రాసేవారు.

నన్ను బీరువాలో పెట్టేముందు నాలో రాసిన ఆఖరు మాట కూడా అదే. ఎవరో రాయలసీమనుంచి అడిగితే పంపినది. "మీరు అడిగినందుకు సంతోషం. పాప దొరికింది. ఇంట్లోనే ఉంది."