ఇంట్లో అంటే

సంతోషి గంజి వారుస్తుండగా వాకిట్లోంచి అత్త నూకమ్మ కేకేసింది.

"ఓలే సంతోసీ! ఇంకో గిన్నెడు బియ్యం ఎక్కించీ. పరాయిదేశం బోటొకటి కొట్టుకొచ్చీసిందంట. మనుసులు ఆకలితో సచ్చిపోతన్నారంట. బేగి కానీ."

పొద్దున్నే వల లాగడానికి వెళ్లినవాళ్లు ముందు చూశారు. డొంకూరు రేవుకి కొంచెం ఎగువన, ఇసకలో ఓరగా పడి ఉంది బోటు. దాని పక్కల మీద ఎవరికీ చదవరాని అక్షరాలు. లోపల పదిమందికి పైగా మనుషులు, పెదాలు పగిలి, కళ్లు లోపలికిపోయి. ఇంజను ఆగిపోయి ఎన్నాళ్లుగా కొట్టుకొస్తున్నారో వాళ్లకే లెక్క తప్పిపోయింది. ఊళ్లోవాళ్లు కొబ్బరిబొండాలు కొట్టి తాగించి, వాళ్లని తుఫాను షెల్టరులో కూర్చోబెట్టారు. పోలీసులు మధ్యాహ్నానికి గాని రారన్నారు. అంతవరకూ వాళ్లకి తిండి పెట్టే పూచీ ఊరిదని పెద్దలు చెప్పారు. ఊరిదంటే ఊళ్లో పొయ్యి ముందు కూర్చునేవాళ్లదని చెప్పక్కర్లేదు. సంతోషి రెండో ఎసరు పెట్టింది.

ఆ మనుషుల మాట తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే. అతను సంతోషి మొగుడు యువరాజు. అంతకు ముందటేడు విశాఖపట్నం హార్బరు నుంచి వేటకి వెళ్లిన బోటు దారితప్పి బంగ్లాదేశ్ నీళ్లలోకి పోతే, అక్కడి నేవీవాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారు. ఆ మాట అతనికి అక్కడే అబ్బింది. ఆ బోటులో డొంకూరు మనిషి అతనొక్కడే. విడుదలై వచ్చిన దగ్గర్నుంచీ అతనికి ఊళ్లో కొత్త గౌరవం వచ్చింది. సాయంత్రమైతే బోర్లించిన తెప్ప మీద కూర్చుని ఆ దేశం కబుర్లు చెప్పేవాడు. చుట్టూ జనం చేరేవారు. అక్కడా మనలాగే కొబ్బరితోటలేనట. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసుకుని పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తింటారట. ఎండుచేపంటే ప్రాణం పెడతారట. మనం గంగమ్మకి మొక్కి తెప్ప దింపినట్టే, వాళ్లూ వాళ్ల దేవుడి పేరు తలుచుకునే నీళ్లలోకి దిగుతారట. "మద్దిన గీత గీసినోడెవుడో గానీ, నీల్లు ఒకటేరా బాబూ" అనేవాడు. అందరూ తలలూపేవారు.

సంతోషి టీ గ్లాసులు అందిస్తూ వినేది. ఆమెకి ఆ కబుర్లంటే ఇష్టం. ఆ ఒడ్డుని మనసులో గీసుకునేది. అక్కడి ఇసక, అక్కడి వలలు, అక్కడ గంప నెత్తినెట్టుకుని నడిచే ఎవతో ఒకతె. ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"బావా, మరి ఆడ ఆడోలు ఏటి సేత్తారు?"

యువరాజు తెల్లబోయి చూశాడు. తర్వాత నవ్వాడు. "ఆడోలేటి సేత్తారే? వొండుతారు. నాను జైల్లో ఉన్నాను గానీ ఆలింట్లో ఉన్నానేటి?"

తెప్ప మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఆమె ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత మరేం అడగలేదు. అతనూ ఆమెని అడగలేదు, నేను లేనప్పుడు నువ్వేం చేశావని. అడిగితే చెప్పడానికి చాలా ఉంది. దీపావళి వెళ్లాక పోయిన మనిషి జాడ లేదంటే, సముద్రం మింగేసిందనే అనుకుంది. ఊరంతా అలాగే అనుకుంది. చీకటి ఉండగానే రేవుకి వెళ్లి, అలలు ఏదైనా తెస్తాయేమోనని నిలబడేది. చొక్కా ముక్క కనబడుతుందేమోనని ఒక భయం, కనబడదేమోనని ఇంకో భయం. తర్వాత చేపలగంప ఎత్తుకుని ఇచ్ఛాపురం బజారుకి పోయేది. బేరగాళ్లతో ఒరియాలో కొట్లాడి, అమ్మి, తిరిగొచ్చి అత్తకి కాళ్లు పట్టేది. చేప ముట్టుకుని అమ్మేది గాని నోట పెట్టుకోలేకపోయింది. ఏ చేప అతన్ని తిందో అనిపించేది. ఒంటిపూట తినేది. గాజుల సంగతి ఏం చేద్దామని ఊళ్లో పెద్దాళ్లు వచ్చి అడిగితే, శవం దొరకలేదు కదా అని ఏడ్చి పంపించింది. కూతురు ఇసకలో గుంట తవ్వి, అందులో కర్రబొమ్మని పడుకోబెట్టి, "మా అయ్యకి తొంగుంటాకి జాగా" అని ఆడుకునేది. జీడిపిక్కలు ఏరే కాలం వచ్చాక ఆఫీసు మనిషెవరో వచ్చి, నీ మొగుడు బతికే ఉన్నాడమ్మా, ఫలానా దేశం జైల్లో ఉన్నాడని చెప్పాడు. ఆ రోజు ఆమె వాకిట్లోనే పడిపోయింది. నూకమ్మ నీళ్లు చల్లి లేపింది. అంత కబురు విని కూడా అత్త కంగారుపడలేదేమిటని అప్పుడు ఆమె అనుమానపడలేదు. పెద్దది కదా, గుండె గట్టిదనుకుంది.

అన్నం, చేపల పులుసు ఎత్తుకుని సంతోషి షెల్టరుకి వెళ్లేసరికి టీవీ విలేకరి వచ్చి ఉన్నాడు. యువరాజు ఉతికిన చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఆమె ఆకులు పరిచి వడ్డించడం మొదలెట్టింది. వాళ్లు తలలు వంచుకుని ఆత్రంగా తింటున్నారు. ఒక కుర్రాడు మాత్రం రెండు ముద్దలు తిని, ఆకు వైపే చూస్తూ కూర్చున్నాడు. పెళ్లయి ఎన్నాళ్లో కాని వయసు.

"మీరు జైల్లో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఎంత బాధపడ్డారో కదా?" విలేకరి అడుగుతున్నాడు.

"పడకుంటారేటండీ. గానీ నా రాత బాగుంది. మొదటి నెల్లోనే ఒక గార్డు జాలిపడి ఫోనిచ్చినాడు. వైజాగులో మా అన్న కూర్మయ్యకి సేసేను. నాను బతికే ఉన్నాను, ఇంట్లో సెప్పీ అన్నాను. అన్న ఆ రోజే ఇంటికి ఫోన్ సేసి సెప్పీసినాడు."

సంతోషి చేతిలో గరిటె పులుసుగిన్నెలో ఆగిపోయింది. పక్కన నీళ్లు పోస్తున్న నూకమ్మ వైపు తిరిగింది.

"అత్తా, మొదటి నెల్లోనేనా?"

నూకమ్మ చెంబు కింద పెట్టకుండానే, "నీకు సెప్పలేదేటి నాను? సెప్పేననుకున్నానే," అంది.

గిన్నెలు కడగడానికి బోరింగు దగ్గరికి వెళ్ళినప్పుడు సంతోషి మళ్లీ అడిగింది. ఈసారి నూకమ్మ విసుక్కుంది. "కూర్మయ్యే సెప్పొద్దన్నాడు. బోటు ఓనరు గోల సెయ్యొద్దన్నాడంట, కేసు ముదిరిపోద్దని. నీ నోట్లో మాటాగుద్దా? బజార్లో సేపలమ్ముకున్నదానివి."

ఇంటికొచ్చాక మూడోసారి అడిగింది. అప్పుడు ముసలామె కోడలి మొహంలోకి నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూసింది.

"సెప్తే మాత్రం నువ్వేటి సేసేత్తువే? ఎల్లి తెచ్చీసుందువా?"

నిజమే, ఏం చేసేది? జైలు తలుపు తీయగలదా? సముద్రం దాటగలదా? పొయ్యి ముందు కూర్చుని బూడిద తోస్తూ, చాలాసేపు అదే ఆలోచించింది. నిద్రపోయేదాన్ని, అనుకుంది. అంతే. కడుపునిండా తిని నిద్రపోయేదాన్ని. కళ్లు మూసుకుంటే నీళ్ల అడుగున పడి ఉన్న మనిషి కనపడేవాడు కాదు. గాజుల మాటెత్తిన వాళ్లని గుమ్మంలోంచే పంపేసేదాన్ని. బిడ్డ చేతిలోంచి ఆ కర్రబొమ్మ లాక్కుని, మీ అయ్య వొస్తాడే అని చెప్పేదాన్ని. అత్తకి కాళ్లు పడుతూ, నీ కొడుకు నీకు లేకుండా పోయాడు కదా అత్తా అని ఏడ్చాను. ఆవిడ నా తల నిమిరింది. అన్నీ తెలిసి నిమిరింది. ఆవిడ రాత్రిళ్లు గుర్రుపెట్టి ఎలా పడుకునేదో ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు ముసలితనమనుకున్నాను. ఒంటిపూట తింటున్నానని చూస్తూ ఆవిడ ఏమనేది? కోడలు మంచిదంది. మొగుడి మీద భక్తి గలదంది. నా ఏడుపు వాళ్లకి ఏ పనికీ అడ్డం రాలేదు. గంప మోస్తూనే ఉన్నాను, వండుతూనే ఉన్నాను. అందుకే ఎవరికీ చెప్పాలని తట్టలేదు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన యువరాజు ఎదురుగా కూర్చుంది.

"బావా, అన్నకి ఏటని సెప్పినావు? నా పెల్లానికి సెప్పమన్నావా?"

"ఇంట్లో సెప్పమన్నాను."

"ఇంట్లో అంటే?"

"ఇంట్లో అంటే ఇంట్లోనే. అమ్మకి." అతను ముద్ద కలుపుతూ ఆగి ఆమెని చూశాడు. ఆమె మొహంలో ఏం కనపడిందో, గొంతు తగ్గించాడు. "ఏటే ఇప్పుడు? వొచ్చీసేను గదా. ఎదురుగుండా కూకున్నాను గదా."

అవును, ఎదురుగానే కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. తాగొచ్చి కొట్టేవాడూ కాదు. ఆ నెలల్లో జైలు గోడ చూసి తనని తలుచుకునే ఉంటాడు. తలుచుకున్నవాడికి ఆ ఒక్క మాట ఎందుకు రాలేదో ఎవరిని అడగాలి? సంతోషి లేచి మజ్జిగ తెచ్చి పోసింది. ఇంకేం చేయాలో ఆమెకి తెలియలేదు.

పోలీసు వ్యాను వచ్చేముందు ఆమె మిగిలిన అన్నం మూటకట్టి తీసుకెళ్లింది. పొద్దున తినని ఆ కుర్రాడు యువరాజు చెయ్యి పట్టుకుని ఏదో చెబుతున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు. యువరాజు తలూపుతూ తన ఫోన్లో అంకెలు నొక్కుకున్నాడు.

"ఏటంతన్నాడు బావా?"

"పెల్లాం నిండు సూలాలంట. పేరు సకీనా. ఆమెకి కబురెట్టమంతన్నాడు, బతికే ఉన్నానని. ఇంటి వాట్సాప్ నెంబరిచ్చినాడు. సెప్తానన్నాను."

కుర్రాడు సంతోషి వైపు తిరిగి చేతులు జోడించాడు. అతను ఏమన్నాడో ఆమెకి పూర్తిగా తెలియలేదు. బజారులో నేర్చుకున్న ఒరియాకి దగ్గరగా ఉన్న మాటలు ఒకటీ అరా అందాయి. మధ్యలో ఆ పేరు మాత్రం స్పష్టంగా వినపడింది. వ్యాను కదిలాక ఇనుప వల వెనక అతని మొహం తోట మలుపు దాకా కనపడి మాయమైంది.

దీపాలు పెట్టేవేళకి యువరాజు మంచమ్మీద పడుకుని, టీవీలో వచ్చిన తన మాటలు ఫోన్లో చూసుకుంటున్నాడు. నూకమ్మ గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది.

"ఆ పిల్లకి ఫోన్ సేసేవా?" అంది సంతోషి.

"ఏ పిల్ల? ఓ, అదా! మర్సిపోనానే. రేపు సేత్తాన్లే."

సంతోషి కదల్లేదు. "ఇప్పుడు సెయ్యి."

ఆ గొంతు ఎప్పుడూ విననిది కాబట్టి కాబోలు, అతను లేచి కూర్చుని నొక్కాడు. చాలాసేపు మోగింది. ఎవరో మగమనిషి పలికాడు. యువరాజు వచ్చీరాని మాటల్లో చెప్పాడు. అవతల ఒక్క అరుపు, ఆ తర్వాత గబగబా ప్రశ్నలు, దేవుణ్ని తలుచుకుంటూ ఏడుపు. యువరాజు మొహం వెలిగింది.

"ఆడి అన్న. ఇంట్లో సెప్తానంతన్నాడు."

"సకీనాని పిలవమను."

"ఎందుకే? సెప్తానన్నాడు గదా."

"ఆమెనే పిలవమను బావా."

"బాగోదే. పరాయోల్ల ఇంటి ఆడపిల్లని ఫోన్లోకి పిలవమంతే ఏటనుకుంటారు?"

"పెట్టీరా ఇంక," గుమ్మంలోంచి నూకమ్మ అంది. "కబురు సెప్పీసినావు, అయిపోనాది."

ఇంతలో అవతలివాడు పెట్టేశాడు. యువరాజు ఫోను మంచమ్మీద పడేసి, పుణ్యం చేసుకున్నవాడిలా ఒళ్లు విరుచుకున్నాడు. సంతోషి ఆ ఫోను తీసుకుంది. అతను చెయ్యి చాపాడు, ఇవ్వమన్నట్టు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, ఇందాక అతను నొక్కినచోటే నొక్కింది. తనకి ఆ భాష రాదు. ఎవరు, ఎందుకు, ఏ ఊరు అని అడిగితే చెప్పడం చేతకాదు. అక్కడ వాళ్లు కసురుకున్నా, ఇక్కడ వీళ్లు లాక్కున్నా తను చేయగలిగేదేం లేదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. ఫోను మోగుతోంది.

మళ్లీ అదే మగగొంతు.

"సకీనా," అంది సంతోషి.

అతనేదో అడిగాడు.

"సకీనా," అంది మళ్లీ.

అతను గట్టిగా, కొంచెం కోపంగా ఇంకేదో అన్నాడు. యువరాజు మంచం దిగాడు. నూకమ్మ లేచి లోపలికొచ్చింది. సంతోషి గోడకి వీపు ఆనించి, రెండు చేతులతో ఫోను చెవికి అదుముకుని, ఆడగొంతు పలికేదాకా ఆ ఒక్క పేరే చెబుతూ నిలబడింది.