నా వేలు కదిలితే నాది

"అది వాయించినా వినపడదు గదప్పా, ఊరికే అలంకారానికి నిలబెట్టినారా నిన్ను?" అని నన్ను అడగని పెళ్ళివాళ్ళు ఈ కోలారు జిల్లాలో లేరు. క్యాసంబళ్ళిలో అడిగారు, ముళబాగిలులో అడిగారు, బంగారుపేట స్టేషన్లో పెట్టె దించుతుంటే హమాలీ కూడా అడిగాడు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడూ మండుతుంది. ఒరే నాయనా, వినపడేది పాటగాడి గొంతు. బేస్ గిటారు వినపడదు, తగులుతుంది. రొమ్ములో తగులుతుంది, కూర్చున్న కుర్చీలో తగులుతుంది. దాన్ని తీసేసి చూడండి, పాట ఉప్పులేని పప్పయిపోతుంది. అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరు? మా ఆర్కెస్ట్రాలో మోసేవాణ్ణి నేను.

నా పేరు నంజుండప్ప. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి కేజీఎఫ్ బంగారు గనిలో దిగాడు. నాన్న దిగాడు, అన్న తిమ్మరాయప్ప దిగాడు. నా వంతు వచ్చేసరికి గనులు సర్కారు చేతికి పోయి, కొత్తవాళ్ళను తీసుకోవడం దాదాపు ఆగిపోయింది. నాకు పట్టుబడింది నాలుగు తీగల గిటారొక్కటే. ఆండర్సన్‌పేటలో మాది రేకుల ఇల్లు. ఒక గదిలో అన్నా వదినా, తట్టి గోడకు ఇవతల నేనూ నా సామానూ. తట్టి అంటే వెదురు దబ్బల గోడ. అటు దగ్గితే ఇటు ఉలిక్కిపడాలి.

మా వదిన మునిలక్ష్మమ్మ. అమ్మ పోయినాక నాకు అన్నం పెట్టింది ఆమే, తిట్టిందీ ఆమే. ఎక్కువగా నా తీగల మీద తిట్టేది. బేస్ తీగలు కొత్తవి దొరకాలంటే బెంగళూరు పోవాలి, పోయినా దొరుకుతాయని నమ్మకం లేదు. అందుకని పాత తీగలు మొద్దుబారితే నీళ్ళలో వేసి మరగబెట్టేవాణ్ణి. చెమటా జిడ్డూ వదిలి మళ్ళీ కొన్నాళ్ళు గణగణమంటాయి. దానికి ఆమె చారు కాచే గిన్నే కావాలి, వేరే గిన్నెలో అవి పట్టవు.

"థూ నీ బుద్ధి మండా! నువ్వు తీగలు ఉడకేసిన గిన్నెలో మేము చారు తాగాలనా? మీ అన్నకు వడ్డిస్తాను, ఆయప్ప కడుపులో మ్యూజిక్ వస్తాది," అనేది. అన్న నవ్వుతూ దగ్గేవాడు. గనిలో దిగినవాళ్ళ నవ్వు చివర ఎప్పుడూ దగ్గు ఉంటుంది. తిడుతూనే ఆ గిన్నెను బూడిదతో తోమి మళ్ళీ నాకే ఇచ్చేది.

ఇక పెట్టె సంగతి. గిటారు ఎంత మంచిదైనా స్పీకరు పెట్టె సరిగా లేకపోతే బేస్ పీక నొక్కిన పిల్లిలా అరుస్తుంది. అలా అరిచినన్నాళ్ళూ మా ఆర్కెస్ట్రా లీడరు గుండప్ప నన్ను వేపుకు తిన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఊరికే పెట్టెనంటావేమప్పా" అనేవాడు. రోషమొచ్చి, గనిలో తీసిపారేసిన మొద్దు పలకలు తెచ్చి, మా వీధి వడ్రంగి దొడ్డమునియప్పతో నడుమెత్తు పెట్టె చేయించి, పెద్ద స్పీకరు బిగించాను. ఇద్దరు మోస్తేగాని లేవదు. ఇంట్లో మొదటిసారి లావు తీగ మీటితే అటకమీది చెంబు కింద పడింది. నాకు పట్టరాని సంతోషం. చెంబు పడినప్పుడే నాకు బుద్ధి రావలసింది.

మా ఊళ్ళో అటకమీది చెంబు ఊరికే పడదు. భూమి లోపల, అన్న పనిచేసే లోతుల్లో, మీది బరువు ఓర్వలేక రాయి ఒక్కసారిగా పగులుతుంది. దాన్ని ఎయిర్‌బ్లాస్ట్ అంటాం. పైన ఉన్నవాళ్ళకు అరికాళ్ళలో ఒక్క దెబ్బ, గోడల్లో ఒక్క వణుకు, అంతే. ఆ దెబ్బ తగలగానే ఊరి ఆడవాళ్ళు చేతిలో ఏముంటే అది వదిలేసి, గనిలోకి దిగే షాఫ్టు గేటుకు పోతారు. ఏడవరు, మాట్లాడుకోరు. వరసగా నిలబడతారు. మనుషుల్ని పైకి తెచ్చే కేజు తలుపు తెరుచుకున్నప్పుడు బయటికొచ్చే మగవాడు ముందు ఆ వరసలో తన మనిషి మొగం వెతుక్కుంటాడు. అన్న వదినతో పెళ్ళైన కొత్తలోనే చెప్పాడట: "కింద ఏమైనా కానీలే. పైకొచ్చేటప్పుడు నీ మొగం కనిపిస్తే సాలు, నాకు ఊపిరొస్తాది. నువ్వు లేకపోతే మాత్రం నేను తట్టుకోలేను." చిన్న దెబ్బయినా పెద్ద దెబ్బయినా వదిన ఒక్కసారి కూడా తప్పలేదు. కాలికి చెప్పు లేకుండా పోయేది, ఎసరు పొయ్యిమీద వదిలి పోయేది.

ఇప్పుడు చెప్పండి, నడుమెత్తు పెట్టెను మా వీధి పెళ్ళిలో పెట్టి నేను మొదటి స్వరం మీటితే ఏమవుతుంది? పందిట్లో ఆడవాళ్ళంతా ఒక్కుమ్మడిగా లేచారు. పెళ్ళికూతురి తల్లి తాంబూలం పళ్ళెం నేలమీద పెట్టేసి పోయింది. అందరికంటే ముందు మా వదిన. పాటగాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఖాళీ కుర్చీలకు మేం పాట వినిపించాం.

వాళ్ళు ఎండలో కాళ్ళు కాల్చుకుని తిరిగొచ్చాక నాకు జరిగిన సన్మానం చెప్పనలవి కాదు. "పాట పాడతావా, మా తాళితో ఆడుకుంటావా?" అని పక్కింటి చెన్నమ్మ నా మొగం మీదే చెయ్యి తిప్పింది. ఆ పెట్టె మళ్ళీ పేటలో కనబడితే పొయ్యిలో పెడతామన్నారు. నాకూ కోపమొచ్చింది. ఇంటికొచ్చి అన్నం ముందు అలిగి కూర్చున్నాను.

వదిన కాలి బొబ్బలకు వెన్న రాసుకుంటూ అడిగింది. "ఏం నంజుండా, ఆ పెట్టె లేకపోతే నీకు బతుకు లేదా?"

"లేదొదినా."

"సరే, అట్లయితే నాకు గుర్తు చెప్పు. నీది ఏది, భూమిది ఏది?"

నేను గిటారు తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. "ఇదిగో, ఈ చూపుడు వేలు చూడు. నా వేలు కదిలితే నాది. కదలకుండా దెబ్బ తగిలితే భూమిది. అప్పుడు లేచి పో."

ఆమె చాలాసేపు ఆ వేలినే చూసింది. నేను మీటాను, చెంబు కదిలింది, ఆమె కదల్లేదు. "ఓహో! ఇంతేనా!" అని నవ్వింది.

ఆ తర్వాత పేటలో ఏ పెళ్ళయినా వదిన ముందు వరసలో కూర్చునేది. దెబ్బ తగిలినప్పుడల్లా ఆడవాళ్ళు ఆమె మొగం చూసేవాళ్ళు. ఆమె నా వేలు చూసేది. "మావోడిదే, కూర్చోండి," అనేది. కొన్నాళ్ళకు అందులో ఆమెకు కాస్త గర్వం కూడా వచ్చింది. ఒకసారి వేలు కదలకుండానే దెబ్బ తగిలితే, నేనింకా తల ఎత్తక ముందే ఆమె లేచింది, వెనకే వరసంతా లేచింది. ఆ రోజు కింద ఎవరికీ ఏమీ కాలేదు. "సూస్తివా, నీ పెళ్ళాం ఇప్పుడు మ్యూజిక్ మాస్టరు," అని నేనంటే అన్న విరగబడి నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వాడు.

గిటారుకూ పెట్టెకూ మధ్య ఒక వైరు ఉంటుంది, దాని కొసన పెట్టెలో గుచ్చే జాకు. ఈ జాకంత దరిద్రపు వస్తువు ప్రపంచంలో లేదు. వేయి సామాన్లు సరిగ్గా ఉన్నా ఇది వదులైతే చాలు, ముట్టుకుంటే 'ధబ్', ముట్టుకోకపోయినా 'ధబ్'. ఆ వేసవిలో నా జాకు వదులైంది. ముళబాగిలు ప్రోగ్రాములో రెండుసార్లు ధబ్బుమంది. టంకం వేయించాలని అనుకుంటూనే ఉన్నాను.

ఆ రోజు కృష్ణప్ప కూతురి పెళ్ళి. పగటి పెళ్ళి, భోజనాలు సాగుతున్నాయి. అన్న ఉదయం షిఫ్టులో ఉన్నాడు, వచ్చి చివరి పంక్తిలో తింటానన్నాడు. ఒక పాట అయిపోయింది, గుండప్ప తరువాతి పాట పేరు చెబుతున్నాడు. జాకు గరగరమంటుంటే గిటారు స్టాండుకు ఆనించి, పెట్టె వెనక్కి వంగి దాన్ని నొక్కుతున్నాను. అప్పుడు తగిలింది, ధబ్ మని. అరికాళ్ళలో తగిలిందా, చేతిలో తగిలిందా? నా చెయ్యి జాకు మీదే ఉంది. జాకే అనుకున్నాను. "థూ, నీ యబ్బ!" అని పెట్టెను అరచేత్తో ఒక్కటి చరిచాను.

పెట్టె పైనుంచి తొంగి చూశాను. ముందు వరసలో వదిన పెళ్ళికూతురి జడలో జారిన పూలు సర్దుతోంది. ఆడవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. ఆమె తల తిప్పి స్టేజీ వైపు చూసింది. నేను పెట్టెను చరవడం చూసి నవ్వింది. "మావోడిదే, కూర్చోండి. వానికీ పెట్టెకూ ఈ పొద్దు పడలేదు," అంది. అందరూ నవ్వారు. ఒక్క చెన్నమ్మ మాత్రం లేచి నిలబడి, "ఏమో తల్లీ, నా మనసు ఒప్పదు," అని వెళ్ళిపోయింది. ఆమె వెనక మరో నలుగురు పోయారు. మేం రెండు పాటలు వాయించాం. బాగా వాయించాం. జాకు మళ్ళీ కిక్కురుమనలేదు.

మూడో పాట మధ్యలో ఒకాయన సైకిలు మీద వచ్చి పందిట్లోకే తొక్కుకొచ్చాడు. "తిమ్మరాయప్ప ఇంటోళ్ళు యాడ? బిన్నా రాండి!" అన్నాడు.

వదినా నేనూ పరుగెత్తాం. మేం గేటు చేరేసరికి కేజు తలుపు మూసి ఉంది, వరసలో ఉన్నవాళ్ళంతా మావైపు తిరిగారు. అన్నను అప్పటికే పైకి తెచ్చి ఆసుపత్రి బండిలో ఎక్కించి పంపేశారు. దారిలోనే ప్రాణం పోయింది.

పైకి వచ్చినప్పుడు బతికే ఉన్నాడు. ఆ సంగతి చెన్నమ్మ చెప్పింది, చెప్పకుండా ఉంటే ఎంత బాగుండును. స్ట్రెచరు మీద తల ఇటు తిప్పి వరసంతా చూశాడట. ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి చూశాడట. "మునిలక్ష్మి యాడ?" అని అడిగాడట. వస్తా ఉంది అని చెన్నమ్మ అబద్ధం చెప్పింది. "వచ్చేదుంటే ఈపాటికి ఉండేదే," అన్నాడట. అదే ఆఖరి మాట.

దినాలైపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. వదిన అన్నం ముట్టడం లేదు. చెన్నమ్మ కలిపి నోటిదాకా తెస్తే మొగం తిప్పుకునేది. గోడకు ఆనుకుని, కుడి చేత్తో ఎడమ చేతి చూపుడు వేలు పట్టుకుని కూర్చునేది. మనిషి కళ్ళముందే ఎండిపోతోంది. నాకు భయం వేసింది. అన్న పోయాడు, ఈమె కూడా పోతే ఆ తట్టి గోడకు అవతల ఇంకెవరున్నారు నాకు?

ఒక సాయంత్రం తనే పిలిచింది. "నంజుండా, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ పొద్దు నేను నీ వేలు చూసినానా? నాకు గ్యాపకం రావడం లేదు. నువ్వు పెట్టె ఎనకాల ఉన్నావంటారు అందరూ. వేలు చూడకుండానే అందర్నీ కూర్చోమన్నానా నేను? ఆయప్పను నేనే మోసం చేసినానా?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఉంటే బాగుండేది. నేను ఏం చెబుతానో దాన్నిబట్టి ఆమె బతకడమో చావడమో ఉందని నాకు తెలిసిపోయింది. నిజం ఏమిటో నాకు తెలుసు. గిటారు స్టాండు మీద ఉంది. నా వేలు జాకు మీద ఉంది. ఆమె చూసింది నా వేలు కాదు, ఒక వెధవ పెట్టెను చరవడం.

"చూసినావొదినా," అన్నాను. "నేను ముందుకొచ్చి గిటారు ఎత్తుకున్నాను. జాకు సరిపోయిందా అని లావు తీగ మీటినాను. నా వేలు కదిలింది. సరిగ్గా ఆ గడియకే భూమి కదిలిందేమో, నాకెట్లా తెలుస్తాది? నువ్వు చూసే కూర్చోమన్నావు. తప్పు నీది గాదు."

ఆమె తల ఎత్తింది. నా మొగం చూడలేదు, నా చెయ్యి చూసింది.

"అయితే నీదే," అంది.

"నాదే."

లేచి వంట మూలకు పోయింది. గిన్నెల చప్పుడైంది. కాసేపటికి నా గడప ముందు ఏదో పెట్టి వెళ్ళింది. చారు గిన్నె. అందులో నేను మరగబెట్టడానికి ఉంచిన పాత తీగలు చుట్ట చుట్టి ఉన్నాయి. ఇక ఆ గిన్నె ఆమె వంటింట్లోకి పోదని అర్థమైంది. రాత్రి తట్టి గోడకు అవతల చెన్నమ్మతో అంటోంది: "నేను చూసినాను చెన్నమ్మా. వాని వేలు కదిలింది. వాడే ఒప్పుకున్నాడు. నేను చూసే కూర్చున్నాను." తర్వాత పళ్ళెం చప్పుడు వినపడింది. ఆమె అన్నం తింది.

అప్పటినుంచి ఈ రోజువరకూ ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పేటంతా నా వేలే అన్నను మింగిందని అనుకుంటుంది, నా మొగం మీదే అంటుంది. అననీ. కోపమొస్తుంది, గొంతుదాకా వస్తుంది, చెన్నమ్మకైనా నిజం చెప్పేద్దామనిపిస్తుంది. అవతల పళ్ళెం చప్పుడు వినపడగానే మింగేస్తాను.

జాకు మార్చేశాను. ఇప్పుడు నేను మీటితే తప్ప ఆ పెట్టె పలకదు. వాయించడం మానలేదు, నాకు వేరే పని రాదు. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. అరికాళ్ళలో ఏ కొంచెం దెబ్బ తగిలినా, పాట నడుస్తున్నా సరే, గుండప్ప తిట్టినా సరే, చేతులు రెండూ పైకెత్తి మైకులో అరుస్తాను: "ఇది నాది గాదు! లేయండి, గేటుకు పోండి!"

పందిరి ఖాళీ అవుతుంది. ఆడవాళ్ళంతా పోతారు. మునిలక్ష్మమ్మ మాత్రం లేవదు. వెనక గుంజ పక్కన కూర్చునే ఉంటుంది. గేటు దగ్గర ఆమె మొగం వెతికేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. అన్ని ఖాళీ కుర్చీల అవతల నుంచి, పైకెత్తిన నా వేలినే చూస్తూ ఉంటుంది.